కవళ్లు ఏమైపోతున్నాయి? సముద్రం చేపల మీద పాఠకుల ప్రశ్నలు

కేరళ తీరంలో నూనె కవళ్లు ఒక ఏడాది మాయమైపోయి ఇంకో ఏడాది గుట్టలుగా వచ్చి పడుతున్నాయని, వచ్చినవి కూడా పొట్టిగా ఉంటున్నాయని గత సంచికలో నాలుగు మాటలు రాశాను. సముద్రానికి ఇంత దూరంగా ఉన్న కర్నూలు, కడప, అనంతపురం ఊళ్ల నుంచి దానికి ఇన్ని ఉత్తరాలు రావడం నిజంగా సంతోషం. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేసి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడం, మాది ఆదోనిలో చిన్న మెస్. మంగళూరు వైపు నుంచి ఐసు పెట్టెల్లో బూతాయి తెప్పించుకుంటాం. ఒక సీజన్‌లో రేటు వింటేనే గుండె దడ. ఇంకో సీజన్‌లో కారుచౌక, కానీ వేలంత చేప. వేయిస్తే ప్లేటులో కనపడదు. వ్యాపారిని అడిగితే ‘సముద్రం అట్లుంది’ అంటాడు. అసలు ఏం జరుగుతోంది?

జవాబు: మీ వ్యాపారి చెప్పింది నిజమే, కాకపోతే సగమే చెప్పాడు. మీరు బూతాయి అంటున్నది, కేరళవాళ్లు మత్తి అంటున్నది, మన కోస్తాలో నూనె కవళ్లు అంటున్నది ఒకటే చేప. దీని లెక్కలు కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, అదే అందరూ సీఎంఎఫ్‌ఆర్‌ఐ అనేది, ఏటా చెబుతుంది. ఒక్క కేరళ లెక్కే చూడండి. 2012లో దాదాపు 3.9 లక్షల టన్నులు. 2016కి వచ్చేసరికి 46 వేల టన్నులు. 2017లో మళ్లీ లేచి 1.27 లక్షలు. హమ్మయ్య కోలుకుంది అనుకునేలోపే జారడం మొదలై 2021లో 3,297 టన్నులకు వచ్చేసింది. తొమ్మిదేళ్లలో నూటికి ఒక వంతు కూడా మిగల్లేదన్న మాట. ఆ మరుసటి ఏడాదే, 2022లో, లక్ష టన్నులు దాటింది. 2023లో 1.38 లక్షలు. ఏ వ్యాపారి అయినా, ఏ మెస్ అయినా ఇలాంటి చేపను నమ్ముకుని మెనూ బోర్డు రాయడం కష్టమే.

ఎందుకిలా అంటే, ముందు ఈ చేప బతుకు తెలియాలి. దీని ఆయుష్షు మహా అయితే రెండున్నరేళ్లు. ఏడాదిలోపే 15 సెంటీమీటర్లకు అటూ ఇటూ పెరిగి గుడ్లు పెట్టే వయసుకు వచ్చేస్తుంది. అంటే సముద్రంలో ఈ చేపకు పాత నిల్వ అంటూ ఉండదు. పోయిన వానాకాలం పుట్టిన పిల్లలే ఈ ఏడాది చేప. ఆ వానాకాలం పిల్లలు బతక్కపోతే మరుసటి ఏడాది వల ఖాళీ, అంతే.

ఇక ఆ పిల్లలు బతకాలా వద్దా అన్నది నైరుతి రుతుపవనం తేలుస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కేరళ, కర్ణాటక తీరం వెంబడి గాలి ఒడ్డుకు సమాంతరంగా దక్షిణానికి వీస్తుంది. ఆ గాలికి పైనున్న వెచ్చటి నీళ్లు ఒడ్డు వదిలి లోపలికి జరుగుతాయి, వాటి స్థానంలోకి అడుగు నుంచి చల్లటి నీళ్లు నైట్రేట్లు, ఫాస్ఫేట్లు, సిలికేట్లు అనే పోషకాలను మోసుకుంటూ పైకి వస్తాయి. వాటికి వెలుతురు తగలగానే డయాటమ్‌లనే కంటికి కనపడని మొక్కలు విపరీతంగా పెరుగుతాయి. కవళ్లకు అదే తిండి. నోరు తెరుచుకుని ఈదుతూ మొప్పల దగ్గరున్న జల్లెడలాంటి ముళ్లతో వాటిని వడకట్టుకుని తింటుంది. గుడ్లు పెట్టే కాలమూ ఇదే, జూన్ నుంచి ఆగస్టు. పిల్ల బయటికొచ్చే రోజుల్లో తిండి సిద్ధంగా ఉంటే కోట్లలో బతుకుతాయి. గాలి ఆలస్యమైనా, నీళ్లు మరీ వెచ్చగా ఉన్నా పిల్లలు ఆకలికే పోతాయి. మరీ ఎక్కువగా అడుగునీరు పైకొచ్చినా చిక్కే, ఎందుకంటే ఆ నీటిలో ఆక్సిజన్ తక్కువ, చేపలు ఆ చోటు వదిలి పక్కకు పోతాయి.

ఇప్పుడు మీ ‘వేలంత చేప’ సంగతి. 2024 మధ్యలో కేరళలో కిలో 400 రూపాయల దాకా పలికిన మత్తి, తర్వాత కొన్ని నెలల్లోనే 20, 30 రూపాయలకు పడిపోయింది. సైజు 12 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోయింది. సీఎంఎఫ్‌ఆర్‌ఐ శాస్త్రవేత్తలు చూసి చెప్పిన కారణం ఏమిటంటే, ఆ వానాకాలంలో అడుగునీరు బాగా పైకొచ్చి తిండి పుష్కలంగా దొరికింది, మామూలుగా చచ్చిపోవలసిన పిల్లలు కూడా బతికాయి, బతికినవన్నీ ఒకే తిండికి పోటీపడ్డాయి, దాంతో ఏదీ సరిగా పెరగలేదు. ఇది చెప్పేటప్పుడు నాకు బాధనిపించే విషయం ఒకటుంది. చేప దొరకని ఏడాది మత్స్యకారుడికి నష్టమని అందరికీ అర్థమవుతుంది. చేప విపరీతంగా దొరికిన ఏడాది కూడా డీజిలు ఖర్చు రాక అతను ఒడ్డున కూర్చుంటాడని మన దాకా ఎవరూ చెప్పరు.

మీ మెస్‌కు సలహా అంటారా, చిన్నవి వచ్చిన సీజన్‌లో వేపుడు మానేసి పులుసు పెట్టండి, చింతపండు పులుసులో చిన్న చేప ముల్లు కూడా మెత్తబడుతుంది.

ప్రశ్న: వాతావరణం, రుతుపవనం అంటూ పెద్ద బోట్ల తప్పును కప్పిపుచ్చుతున్నట్టు అనిపిస్తోంది. రింగు వలలతో ఊడ్చేస్తుంటే చేప మిగులుతుందా? మీరు ఎవరి పక్షం? (ప్రొద్దుటూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: కోపం న్యాయమైనదే. అయినా ముందు మీకు నచ్చని సంగతే చెప్పాలి. ఈ చేప హెచ్చుతగ్గులు డీజిలు బోట్ల కన్నా పాతవి. మద్రాసు సర్వీసులో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1865 నాటికే మలబారు తీరంలో ఈ చేప ఒక ఏడాది వచ్చి ఇంకో ఏడాది రాకపోవడం గురించి రాశాడు. 1940ల మొదట్లో మత్తి దాదాపు మాయమైంది. అప్పుడు మలబారు, మన కర్నూలు, కడప, అనంతపురం అన్నీ ఒకే మద్రాసు ప్రెసిడెన్సీ. ఆ ప్రభుత్వం భయపడి 1943లో పిల్ల చేపలను పట్టడం మీద, కొన్ని రకాల వలల మీద ఆంక్షలు పెట్టింది, 1947లో ఎత్తేసింది. గమనించండి, మన దగ్గర మర పడవలు ఊపందుకున్నది 1953లో కొల్లం దగ్గర నార్వే దేశం సాయంతో ఇండో-నార్వేజియన్ ప్రాజెక్టు మొదలయ్యాక. అంటే తెడ్డు పడవలు, నూలు వలలు ఉన్న కాలంలోనే చేప ఒకసారి చేతులెత్తేసింది. 1994లో మళ్లీ అదే పరిస్థితి.

ఇంకా వెనక్కి పోయిన రుజువు అమెరికాలో ఉంది. కాలిఫోర్నియా దగ్గర శాంటా బార్బరా అనే చోట సముద్రం అడుగున ఆక్సిజన్ దాదాపు ఉండదు, కాబట్టి పడిన బురద పొరలు పొరలుగా కదలకుండా ఉండిపోతుంది. ఆ పొరల్లో చేప పొలుసులు కూడా చెడకుండా ఉంటాయి. శాస్త్రవేత్తలు గొట్టాలు దించి బురద తీసి, ఏ పొరలో ఎన్ని సార్డీన్ (మన కవళ్ల లాంటి చేపే) పొలుసులున్నాయో లెక్కపెట్టారు. వందల ఏళ్ల లెక్క బయటపడింది. మనిషి పెద్ద ఎత్తున వేటాడని కాలంలో కూడా సార్డీన్‌లు విపరీతంగా పెరిగిన దశాబ్దాలున్నాయి, దాదాపు కనపడకుండా పోయిన దశాబ్దాలూ ఉన్నాయి. ఆ పొలుసుల లెక్క గురించి మొదటిసారి చదివినప్పుడు ఈ విషయం మీద నా ఆలోచనే మారిపోయింది.

సరే, అయితే బోట్లకు సంబంధం లేదా? ఉంది, చాలా ఉంది. సముద్రం చేపను దానంతట అదే తగ్గించే ఏడాదిలో మనం ఎంత పట్టుకుంటున్నాం అన్నదే అసలు ప్రశ్న. కవళ్లకు ఒక గుణం ఉంది, ఎన్ని తగ్గినా గుంపుగానే తిరుగుతాయి. సముద్రంలో వంద గుంపులున్నా పది గుంపులే ఉన్నా, దొరికిన గుంపు మాత్రం అంతే ఒత్తుగా ఉంటుంది. రింగు వల ఆ గుంపును చుట్టూ చుట్టేసి కింద తాడు లాగి మూసేస్తుంది, మొత్తం గుంపు ఒకేసారి పైకి. కేరళలో 1980ల మధ్యలో వచ్చిన ఈ వలలు ఇప్పుడు కిలోమీటరు దాకా పొడుగున్నాయి. దానివల్ల ఏమవుతుందంటే, సముద్రంలో చేప సగం అయిపోయినా వలకు మాత్రం నిండుగానే పడుతుంది, అంతా బాగానే ఉందనిపిస్తుంది, చివరి గుంపులు కూడా అయిపోయాక ఒక్కసారిగా సున్నా. తగ్గుతోందని ముందుగా చెప్పవలసిన వలే ఆఖరు దాకా చెప్పదు.

పెరూ దేశం దీనికి పెద్ద ఉదాహరణ. 1970లో అక్కడ ఆంచోవీ అనే చిన్న చేపను 1.2 కోట్ల టన్నులకు పైగా పట్టారు. ప్రపంచంలో ఏ దేశమూ ఒక్క రకం చేపను అంత పట్టిన దాఖలా లేదు. 1972లో ఎల్ నీనో, అంటే కొన్నేళ్లకోసారి పసిఫిక్ సముద్రం నీళ్లు మామూలు కన్నా వేడెక్కడం, వచ్చింది. బతికున్న చేపంతా చల్లటి నీళ్లు మిగిలిన ఒడ్డు పక్కకు చేరి ఇరుక్కుంది, పడవలకు పట్టడం ఇంకా తేలికైంది, పట్టారు. 1973కి 20 లక్షల టన్నులు కూడా రాలేదు, మళ్లీ పాత స్థాయి చేరడానికి ఇరవై ఏళ్లు పట్టింది. అదే పెరూ 2023లో ఎల్ నీనో ఛాయలు కనపడి, పిల్ల చేపలే ఎక్కువగా ఉన్నాయని తేలగానే, మొదటి వేట సీజన్ మొత్తాన్ని రద్దు చేసింది. ఎంత నష్టమో తెలిసే చేసింది. మీరు ఎవరి పక్షం అన్నారు కదా, నేను ఆ నిర్ణయం పక్షం. ‘హెచ్చుతగ్గులు సహజమే కదా’ అనే మాటను వేట ఆపకుండా ఉండడానికి సాకుగా వాడేవాళ్లంటే నాకు సరిపడదు. సహజంగానే పడిపోయే చేప కాబట్టే దాన్ని పడిపోయే ఏడాదిలో వదిలిపెట్టాలి.

ప్రశ్న: కళ్యాణదుర్గం దగ్గర మాది చెనక్కాయ సేద్యం. ఎల్ నీనో అంటే మాకు కరువని తెలుసు. చేపలకు కూడా అదే లెక్కా? సముద్రంలో వానతో ఏం పని?

జవాబు: అన్నా, చేపకు వానతో కన్నా ఆ వాన తెచ్చే గాలితో పని. రుతుపవనం బలంగా వీస్తే మీ చేలో పదును, అక్కడ అడుగునీరు పైకి రావడం, రెండూ అదే గాలి చలవ. 2015 గుర్తుందా, దేశం మొత్తం మీద నైరుతి వాన 14 శాతం తక్కువ పడింది, పసిఫిక్‌లో చాలా బలమైన ఎల్ నీనో నడుస్తోంది. కేరళలో కవళ్లు కుప్పకూలింది కూడా 2015, 2016ల్లోనే. నీళ్లు వేడెక్కితే చేప గుడ్లు సరిగా పెట్టదు, పుట్టినవాటికి తిండి చాలదు. అయితే ఎల్ నీనో వచ్చిన ప్రతిసారీ కరువే అనుకోకండి, 1997లో బలమైన ఎల్ నీనో ఉన్నా దేశానికి వాన మామూలుగానే పడింది. చేప సంగతీ అంతే, ఒక్క కారణంతో అంతా తేలదు.

మీ చెనక్కాయకు, ఈ చేపకు ఇంకో దగ్గరితనం కూడా ఉంది. వాన కురిసిన ఏడాది ఎకరాకు మూటలకు మూటలు, కురవని ఏడాది పెట్టిన విత్తనం కూడా తిరిగిరాదు. అయినా ఎంత కరువొచ్చినా విత్తనం కాయలు గింజ కూడా మిగల్చకుండా తినేసే రైతును నేను చూడలేదు, అప్పు చేసైనా విత్తనం కాపాడుకుంటారు. సముద్రంలో విత్తనం కాయలంటే కరువు ఏడాదిలో మిగిలిన ఆ కాసిని తల్లి చేపలే. వాటిని విడిగా ఎత్తిపెట్టడానికి గరిసె లేదు, వల వేయకుండా ఉండడం ఒక్కటే దారి.

ఇంకో మాట. పైన రాసిన 1972-73 పెరూ కథ మీ పంటకు దూరమేమీ కాదు. ఆ ఆంచోవీ దాదాపు అంతా చేపల పొడిగా మారి ప్రపంచంలో కోళ్లకు, పశువులకు దాణాగా పోయేది. అది రాకపోయేసరికి అందరూ సోయా పిండి మీద, నూనెగింజల చెక్క మీద పడ్డారు, ధరలు ఆకాశానికి ఎక్కాయి, 1973 జూన్‌లో అమెరికా తన సోయా ఎగుమతులనే కొన్నాళ్లు ఆపేసింది. 1972లో మన దేశంలోనూ పెద్ద కరువే. పసిఫిక్ అవతలి ఒడ్డున నీళ్లు వేడెక్కితే అనంతపురంలో చెక్క ధర కదులుతుంది.

ప్రశ్న: సముద్రంలో చేపలు ఎవరు లెక్కపెట్టారు? 3,297 అని చివరి అంకె దాకా చెబితే నమ్మేదెట్లా? (నంద్యాల నుంచి ఒక లెక్కల మాస్టారు)

జవాబు: మాస్టారూ, మంచి ప్రశ్న. ముందుగా ఒకటి స్పష్టం చేయాలి, ఇవి సముద్రంలో ఉన్న చేపల లెక్కలు కావు, ఒడ్డుకు వచ్చిన చేపల లెక్కలు. రెండూ ఒకటి కాదు. వేట నిషేధం పెరిగినా, ధర లేక పడవలు పోకపోయినా, తుపాన్ల వల్ల రోజులు పోయినా ఒడ్డు లెక్క తగ్గుతుంది, సముద్రంలో చేప తగ్గకుండానే.

ప్రతి పడవనూ తూచరు, అది సాధ్యం కాదు. సీఎంఎఫ్‌ఆర్‌ఐ వాళ్లు తీరాన్ని భాగాలుగా విడగొట్టి, ఏ రేవుకు ఏ రోజు పోవాలో ముందే యాదృచ్ఛికంగా ఎంచుకుంటారు. ఆ రోజు ఆ రేవులో దిగిన పడవల్లో కొన్నిటిని తీసుకుని ఏ రకం చేప ఎంత అని రాసుకుంటారు, దాన్నిబట్టి నెలకు, రాష్ట్రానికి లెక్క కడతారు. శాంపిల్ సర్వే అంటే మీకు నేను చెప్పేదేముంది. కాబట్టి 3,297లో చివరి 7ను పట్టించుకోనక్కర్లేదు, కానీ నాలుగు లక్షలకు, మూడు వేలకు తేడా సర్వే పొరపాటు కాదు.

ఒడ్డు లెక్కతో పాటు వాళ్లు చేపను కూడా చదువుతారు. పొట్ట కోసి గుడ్డు ఏ దశలో ఉందో, తిండి ఏముందో చూస్తారు. తల లోపల చిన్న చెవి రాళ్లుంటాయి, పంచదార పలుకంత, వాటిని అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే రోజు రోజుకూ పడిన గీతలు కనిపిస్తాయి. ఆ గీతలు లెక్కపెడితే చేప ఏ నెలలో పుట్టిందో తెలిసిపోతుంది. ‘పొట్టి చేప’ పిల్ల చేపా, లేక వయసొచ్చి కూడా ఎదగనిదా అని తేల్చేది ఇలాంటి పరీక్షలే. మీ పిల్లలకు క్లాసులో చూపించాలంటే ఏ బొచ్చె తలలోనైనా ఆ రాళ్లు దొరుకుతాయి.

ఇక పైనుంచి చూసే పని హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థది. ఉపగ్రహాల ద్వారా నీటి వేడి, నీటి పచ్చదనం చూసి చేప ఎక్కడ దొరకవచ్చో మత్స్యకారులకు సమాచారం పంపుతారు. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రం మీద చేసే ఈ పని గురించి మన పిల్లలకు చెప్పాలి, ఆ ఉద్యోగాలకు మన వైపు నుంచీ పోవచ్చు.

ప్రశ్న: వేసవిలో కడపలో సముద్రం చేప రేటు పెరిగిపోతుంది. అడిగితే ‘బంద్’ అంటారు. ఈ 61 రోజుల బంద్‌తో లాభం ఉందా?

జవాబు: ఉంది, కానీ అన్ని చేపలకూ ఒకే రకంగా కాదు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, పడమటి తీరంలో జూన్ 1 నుంచి జులై 31 దాకా మర పడవలు పోకూడదు. కేరళలో మాత్రం ట్రాలర్లకు, అంటే ట్రాల్ వలను సముద్రం అడుగున ఈడ్చుకుపోయే బోట్లకు, జూన్ 9 నుంచి జులై 31 దాకా 52 రోజులు. గుడ్ల కాలంలో తల్లి చేపకు కాస్త ఊపిరి దొరుకుతుంది. చిక్కెక్కడంటే, కేరళలో ఈ నిషేధం ముఖ్యంగా ట్రాల్ వలలకు, కవళ్లు పట్టేది ఎక్కువగా రింగు వలల సంప్రదాయ పడవలు, వాటికి ఆ రోజుల్లోనూ అనుమతి ఉంది. అందుకని బంద్ ఒక్కదానితో కవళ్లు ఆగవు. నెల్లూరు వైపు ఆ రెండు నెలలు పని లేని కుటుంబాలకు మన ప్రభుత్వం భృతి ఇస్తుంది, ఒకప్పుడు 10 వేలు, 2025లో 20 వేలు చేసింది. ఆ రెండు నెలలు మీకు రేటు పెరిగితే చెరువు చేప తినండి, మైలవరం, సోమశిల జలాశయాల చేపలు ఉండనే ఉన్నాయి.

ప్రశ్న: కర్నూలు మార్కెట్లో కవళ్లు అని వేరే చేప అంటగడుతున్నారని అనుమానం. గుర్తు పట్టేదెలా? చిన్నవి తింటే పోషకాలు తక్కువా మేడం?

జవాబు: అమ్మా, చేతిలోకి తీసుకుని చూడండి. ఒళ్లు సన్నగా పొడుగ్గా, తల కాస్త పొడుగ్గా ఉంటుంది. మొప్ప మూత వెనక అంచు మీద ఒక నల్లటి చుక్క స్పష్టంగా ఉంటుంది, దాని వెనకే లేత బంగారు రంగు మచ్చ, తాజా చేపలో అక్కడి నుంచి తోక వైపు పోయే సన్నని బంగారు చార కూడా కనిపిస్తుంది. ఐసులో రెండు మూడు రోజులున్న చేపలో బంగారు రంగు పోతుంది, నల్ల చుక్క మాత్రం ఉంటుంది. పొట్ట అంచు మీద వేలు తల వైపు నడిపితే రంపం పళ్లలా గుచ్చుకుంటుంది. పొలుసు గట్టిగా ఉండదు, చెయ్యి తగిలితే చాలు రాలిపోయి గోళ్లకు అంటుకుంటుంది. పొట్ట దగ్గర చీలి పేగులు బయటికొచ్చాయంటే పాత సరుకు, వద్దు.

పోషకాలంటే, ఇందులో ఒమేగా-3 కొవ్వులు, ముల్లుతో సహా తింటే కాల్షియం దండిగా దొరుకుతాయి. కొవ్వు మాత్రం ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు, వానాకాలం తిండి తిని బలిసిన చేపలో ఎక్కువ, ఎదగని చేపలో తక్కువ. సంగటిలోకి పులుసు చేసుకుంటే రుచికి ఏ లోటూ ఉండదు.

ఒక్క విషయం మాత్రం మిమ్మల్ని అడుగుతున్నాను. కేరళలో చట్టప్రకారం 10 సెంటీమీటర్ల కన్నా చిన్న కవళ్లను పట్టకూడదు. అంటే మన బెత్తెడు కన్నా కాస్త ఎక్కువ. మంచి చేప జానెడుకు దగ్గరగా ఉంటుంది. బెత్తెడు కూడా లేని చేప కుప్పగా పోసి ఎంత చౌకగా ఇచ్చినా కొనకండి, అవి ఒక్కసారి కూడా గుడ్డు పెట్టని పిల్లలు.

ప్రశ్న: డోన్ దగ్గర మా కోళ్ల ఫారానికి దాణాలో ఎండు చేప కలుపుతాం. మీ రాతలు చదివితే మేం కూడా తప్పు చేస్తున్నామా అనిపించింది.

జవాబు: తప్పని అనను. తల, తోక, పేగుల్లాంటి వ్యర్థంతో చేసిన పొడి అయితే మంచిదే. సమస్య ఎక్కడంటే, మనుషులు కొనని చిన్న చేపకు పొడి ఫ్యాక్టరీ ఒక కొనుగోలుదారుగా నిలబడింది. కర్ణాటక తీరంలో ఇలాంటి ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. కొనేవాడు ఉన్నాడు కాబట్టి పిల్ల చేపను ఒడ్డుకు తేవడం గిట్టుబాటు అవుతోంది. మీ డీలరును సరుకు దేనితో చేశారో అడగండి. ఎండు చేప బస్తా విప్పి పిడికెడు తీసి చూసినా తెలుస్తుంది, అన్నీ వేలంత కవళ్లు, కానాగంతల పిల్లలే ఉంటే ఆ బస్తా వెనక్కి పంపండి. సోయా చెక్కతో నడిచే ఫారాలు మన జిల్లాలోనే చాలా ఉన్నాయి.

ప్రశ్న: గోదావరి పులస కూడా ఇలాగే తగ్గుతోందా? (గుంతకల్లు నుంచి ఒక రైల్వే ఉద్యోగి)

జవాబు: పులసది వేరే కథ. అది బంగాళాఖాతంలో బతికి, జులై నుంచి వరద నీళ్లు రాగానే గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి ఎదురీదే చేప. కవళ్లకు దారి అడ్డం లేదు, సముద్రం ఎటు అనుకూలిస్తే అటు పోతాయి. 1980ల దాకా ఎక్కువగా పడమటి తీరానికే పరిమితమైన కవళ్లు తర్వాత తమిళనాడు, మన కోస్తా వైపు కూడా గట్టిగా వచ్చాయి. పులసకు ఆ వీలు లేదు, ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట దాకే దాని ప్రయాణం. గంగలో 1975లో ఫరక్కా బరాజ్ కట్టకముందు ఇదే చేప అలహాబాదు దాకా పోయేది.

అయితే కాపాడితే తిరిగొస్తుందనడానికి కూడా ఇదే చేప సాక్ష్యం. బంగ్లాదేశ్‌లో 25 సెంటీమీటర్ల లోపు పిల్ల ఇలసను (పులసకే ఇంకో పేరు) నవంబరు నుంచి జూన్ దాకా పట్టనివ్వరు, అక్టోబరులో తల్లి చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో 22 రోజులు వేట పూర్తిగా ఆపేస్తారు, ఆ రోజుల్లో మత్స్యకార కుటుంబాలకు బియ్యం ఇస్తారు. 2000ల మొదట్లో 2 లక్షల టన్నుల దగ్గరున్న వాళ్ల ఇలస దిగుబడి 2020 నాటికి 5 లక్షల టన్నులు దాటింది. మన గోదావరి మీద పిల్ల పులసకు అలాంటి కాపలా పెట్టాలని అడిగేవాళ్లలో మీరూ ఉండండి, రైలు దిగి యానాం పోయి కొనుక్కుంటే పులస ఒక్కటే వేలల్లో పలుకుతోందని మీరే రాశారు కదా.